పొగ ఆరినా... వాసన ఆరదు!

పాత సామాన్ల కొట్లో నచ్చిన బీరువా దొరికింది. బేరం కుదిరింది. బండెక్కి ఇంటికీ చేరింది. తలుపు తీస్తే మాత్రం ఎవరో ఇప్పుడే సిగరెట్ కాల్చి వెళ్లినట్టు గుప్పుమంటోంది. సెంటు కొట్టినా సాంబ్రాణి వేసినా లొంగని ఆ వాసనని వదిలించుకోవడం ఎలా?

''ఏమ్మాయ్, అబ్బాయి మళ్లీ సిగరెట్లు మొదలెట్టాడా?''

పాపకి నీళ్లు పోసి, బీరువాలోంచి ఉతికిన గౌను తీసి తొడుగుతూ మా అత్తయ్య అడిగిన ప్రశ్న అది. గౌను అందుకుని వాసన చూశాను. అనుమానం లేదు... సిగరెట్టే.

పాప కడుపులో పడిన నెలలోనే మావారు సిగరెట్ మానేశారు. పదమూడేళ్ల అలవాటు. ఎంత యాతన పడి మానారో కళ్లారా చూశాను. ఏడాదిన్నరగా ఒక్కటి కూడా ముట్టలేదని నా నమ్మకం. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ నమ్మకం కాస్తా నిలదీతగా మారింది. ''ఒట్టు, నేను కాల్చలేదు'' అన్నారాయన. ''మరి పాప గౌనుకి ఆ వాసన ఎలా వచ్చింది?'' అన్నాన్నేను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

మూడోరోజు ఆయన ఊళ్లో లేరు. వాన పడుతోంది. తువ్వాలు కోసం బీరువా తలుపు తీశాను. అదే వాసన, ఇంకాస్త ఘాటుగా! అడుగు సొరుగు లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దొంగ దొరికాడు.

రెండు వారాల క్రితమే నగరంలోని ఓ పాత సామాన్ల కొట్లో కొన్న టేకు బీరువా అది. రెండు తలుపులు, మూడు సొరుగులు, ఇత్తడి పిడులు. కొన్నప్పుడు కొత్త పాలిష్ వాసన తప్ప మరేం లేదు. పాలిష్ వాసన తగ్గాక దాని కిందున్నది నెమ్మదిగా బయటపడింది. అంతకుముందు ఆ బీరువా ఎవరి గదిలో ఉండేదో, ఆయన ఎన్నేళ్లు దాని పక్కన కూర్చుని కాల్చారో తెలీదు. ఆ పొగంతా ఇప్పుడు మా పాప గౌన్లకి పట్టింది.

ఆ బీరువాని బాగుచేసుకోడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నవీ, వడ్రంగి మేస్త్రీ చెప్పినవీ, శాస్త్రవేత్తలు తేల్చినవీ కలిపి ఈ కథనం. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో బేరమాడేవాళ్లకీ, ఫోన్లో ఫొటో చూసి పాత సోఫా కొనేవాళ్లకీ, తాతగారి కుర్చీ ఊర్నుంచి తెచ్చుకునేవాళ్లకీ పనికొస్తుంది.

ఎక్కడ దాక్కుంటుంది?

సిగరెట్ ఆరిపోగానే పొగ కిటికీలోంచి వెళ్లిపోయిందనుకుంటాం. పూర్తిగా వెళ్లదు. పొగలో ఏడువేలకు పైగా రసాయనాలుంటాయి. దాన్లోని తారు కణాలు మైక్రాన్ కన్నా చిన్నవి. అంటే తల వెంట్రుక మందంలో డెబ్భయ్యో వంతు కన్నా తక్కువ. అంత సన్నటివి కాబట్టే గాలి వెళ్లిన ప్రతిచోటికీ వెళతాయి. జిగురుగా ఉంటాయి కాబట్టి తగిలినచోటే అంటుకుపోతాయి.

చెక్కకి పాలిష్ ఉన్న ముందువైపు పరవాలేదు, తుడిస్తే చాలావరకూ పోతుంది. అసలు చిక్కు పాలిష్ లేనిచోట. సొరుగుల లోపల, బీరువా వీపున కొట్టిన ప్లైవుడ్, అరల అడుగుభాగం, బల్ల కింది వైపు... పచ్చి చెక్క ఉన్న ఈ చోట్లన్నీ స్పాంజిలా పొగని పీల్చుకుంటాయి. వేడికీ తేమకీ మళ్లీ వదులుతాయి. ఎండాకాలం మధ్యాహ్నాలూ వానాకాలం సాయంత్రాలూ ఆ వాసన ఎక్కువయ్యేది అందుకే.

ఇందులో నికోటిన్‌ది ప్రత్యేకమైన కథ. అది క్షారగుణం ఉన్న పదార్థం. గోడలకీ, చెక్కకీ, బట్టకీ అంటుకుని నెలల తరబడి ఉండిపోతుంది. 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఓ సంగతి బయటపెట్టారు. అలా అంటుకున్న నికోటిన్, ఇంట్లో గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి నైట్రోసమైన్లు అనే పదార్థాలుగా మారుతుందట. వాటిలో క్యాన్సర్ కారకాలున్నాయి. ఆ నైట్రస్ ఆమ్లం ఎక్కణ్నుంచి వస్తుందీ అంటే, గ్యాస్ పొయ్యి నుంచీ వాహనాల పొగ నుంచీ. అవి లేని ఇల్లేది?

కాల్చేవాళ్లు పీల్చేది మొదటి పొగ. పక్కనున్నవాళ్లు పీల్చేది రెండోది. ఆరిపోయాక వస్తువులకి అంటుకుని మిగిలేదాన్ని 'మూడో చేతి పొగ' అంటున్నారు. 2009లో పిల్లల వైద్య పత్రిక 'పీడియాట్రిక్స్'లో వచ్చిన ఓ పరిశోధన తర్వాత ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. శాన్‌డియాగో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన ఫలితాలు మరీ ఆశ్చర్యం. పొగతాగేవాళ్లు ఖాళీచేసిన ఇళ్లు సగటున రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. శుభ్రమూ చేశారు. అయినా తర్వాత వాటిలోకి వచ్చిన పొగతాగని కుటుంబాల వేళ్ల మీద నికోటిన్ దొరికింది!

పెద్దవాళ్లకన్నా పసిపిల్లలతోనే భయం. నేల మీద పాకుతారు, అందిందల్లా పట్టుకుంటారు, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. బీరువా పిడిని చప్పరించడం మా పాపకి ఇష్టమైన ఆట. మిగతా పనులన్నీ ఆపి గుడ్డ చేతబట్టడానికి నాకు ఆ ఒక్క కారణం చాలింది.

కొనేముందే పసిగట్టండి

దుకాణంలో అగరొత్తుల వాసన, వార్నిష్ వాసన, పక్కనున్న పరుపుల వాసన... ఇన్నింటి మధ్య ముక్కు మోసపోతుంది. పైగా రెండు నిమిషాలు ఉంటే ఏ వాసనకైనా ముక్కు అలవాటుపడిపోతుంది. అందుకే ఒకసారి బయటికి వెళ్లి, కాసేపు గాలి పీల్చుకుని మళ్లీ రండి. అప్పుడు చూడాల్సినవి ఇవీ.

* సొరుగు పూర్తిగా బయటికి లాగి, దాని అడుగునా వెనకా వాసన చూడాలి. పైన కాదు.

* తెల్లటి గుడ్డ తడిపి, లోపలి మూలల్లో గట్టిగా రుద్దాలి. నల్లగా వస్తే అది దుమ్ము. పసుపు కలిసిన గోధుమరంగు జిగురు వస్తే పొగతారు అయ్యే అవకాశం ఎక్కువ.

* సోఫా అయితే దిండు మీద కాదు, దిండు తీసి కింద చూడాలి. చేతులు ఆనించే చోట చిన్నచిన్న కాలిన చుక్కలున్నాయేమో వెతకాలి.

* ఆఫీసులూ లాడ్జీలూ బార్ల నుంచి వచ్చిన పాత సామానైతే మరింత జాగ్రత్త. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై దేశమంతటా గట్టి నిషేధం వచ్చింది 2008 అక్టోబరు 2న. అంతకుముందు ఆఫీసుల్లో బల్ల మీద యాష్‌ట్రేలు కనిపించేవి.

వాసన ఉన్నంత మాత్రాన కొనకూడదని కాదు. మంచి టేకో రోజ్‌వుడ్డో అయితే వదులుకోనక్కర్లేదు. ఆ వాసన పేరు చెప్పి ధర మరికాస్త తగ్గించుకోవచ్చు కూడా!

తుడవడం... ఓ తపస్సు

మొదట్లో నేనూ అందరిలానే బీరువా పైపైన తుడిచాను. నాలుగు రోజులకి వాసన మళ్లీ మామూలే. మా వీధి చివర పనిచేసే పెద్దాయన, నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్న మేస్త్రీ, వచ్చి చూసి నవ్వారు. ''మీరు పైన తుడుస్తున్రమ్మా. వాసనేమో లోపలుంది. ముందు దీన్ని మొత్తం ఇప్పాలె'' అన్నారు. అక్కణ్నుంచి పని దారిలో పడింది.

మొదటి పని, విప్పడం: సొరుగులు, అరలు తీసేయాలి. పాత అట్టలు, గోడకాగితం, అడుగున పరిచిన పేపర్లు ఉంటే పారేయాలి. వాటికి పట్టినంత వాసన చెక్కకి కూడా పట్టదు. వాక్యూమ్ క్లీనర్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో దుమ్మంతా తీయాలి. దుమ్ములోనూ నికోటిన్ ఉంటుంది కనుక ముక్కుకి గుడ్డ కట్టుకోవడం, చేతికి గ్లవ్స్ వేసుకోవడం మంచిది. నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళుతుంది. తడిసిన పచ్చి పొగాకు ఆకులు కొట్టే కూలీలకు వాంతులూ తలతిరుగుడూ వచ్చేది ఆ కారణంగానే.

రెండోది, సబ్బునీళ్లు: గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, చెక్క పోగు వెంబడే తుడవాలి. వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. నీళ్లు రంగు మారినప్పుడల్లా మార్చాలి. మాకు ఆరు బక్కెట్లు పట్టాయి. చెక్కని నానబెట్టకూడదు. ముఖ్యంగా ప్లైవుడ్, రంపపుపొట్టు అట్టలతో చేసినవి తడికి ఉబ్బిపోతాయి.

మూడోది, వెనిగర్: కిరాణాకొట్లో దొరికే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి మరోసారి తుడవాలి. ఇది ఉత్తి చిట్కా కాదు, వెనక లెక్క ఉంది. పొగాకులో సున్నం వేసి నలిపి నోట్లో పెట్టుకునేవాళ్లని చూసే ఉంటారు. సున్నం క్షారం. అది నికోటిన్‌ను ఆకు నుంచి విడదీస్తుంది, మత్తు తొందరగా ఎక్కుతుంది. వెనిగర్ ఆమ్లం కాబట్టి సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని చేస్తుంది. నికోటిన్‌ను లవణంగా మార్చి నీళ్లలో కరిగిస్తుంది. ఆ నీళ్లు గుడ్డకి వచ్చేస్తాయి. వెనిగర్ పుల్లటి వాసన ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ముందు కనపడని మూల కొంచెం రాసి, అరగంట ఆగి చూడటం మరవద్దు. పాతకాలం లక్క పాలిష్ మీద మచ్చ పడొచ్చు. పైన పాలరాయి ఉంటే వెనిగర్ అసలు తగలనివ్వొద్దు, రాయి నిగారింపు పోతుంది. ఇనప బీరువాకైతే సబ్బునీళ్లు చాలు. వెనిగర్ వాడినా వెంటనే మంచినీళ్ల గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే తుప్పు పడుతుంది.

నాలుగోది, గాలి: సొరుగులు విడివిడిగా గాలి ఆడేచోట నీడలో పెట్టాలి. కనీసం నాలుగైదు రోజులు. వాసన పోతుందని నడి ఎండలో పెడితే చెక్క పగులుతుంది, అతికించిన పొరలు లేచిపోతాయి. పొద్దుటి లేత ఎండ కాసేపు పరవాలేదు.

అయిదోది, పీల్చే పదార్థాలు: అన్నీ మళ్లీ బిగించాక ఒక్కో అరలో వెడల్పాటి గిన్నెతో వంటసోడా గానీ, యాక్టివేటెడ్ బొగ్గు గానీ పెట్టి తలుపులు మూయాలి. మామూలు బొగ్గు కూడా పనిచేస్తుంది కానీ తక్కువ. సోడా వారానికోసారి మార్చాలి. చదివేసిన పేపర్లు ఉండలు చుట్టి సొరుగుల నిండా కుక్కినా కొంత వాసన లాగుతాయి. ఈ పేజీ అయితే చదివాకే సుమా! కాఫీపొడి చాలామంది చెబుతారు గానీ, అది ఎక్కువగా చేసేది తన వాసనతో దీన్ని కప్పడమే.

ఆఖరి అస్త్రం... లక్క

ఇంత చేసినా పచ్చి చెక్క లోతులకి దిగిన వాసన పూర్తిగా రాకపోవచ్చు. అప్పుడు దాన్ని బయటికి తీసే ప్రయత్నం మాని, లోపలే మూసేయాలి. దానికి వడ్రంగులు తరతరాలుగా వాడుతున్న లక్క పాలిష్‌ని మించింది లేదు. లక్కరేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, సొరుగుల లోపలా వెనకా అరల కిందా రెండు పూతలు వేస్తే వాసన బయటికి రాని పొర ఏర్పడుతుంది. ఏటికొప్పాక బొమ్మలకి నిగనిగలద్దే లక్క ఇదే. పురుగు నుంచి వచ్చే జిగురు, మనదేశంలో పుష్కలంగా తయారయ్యేదే.

రెండు హెచ్చరికలు. కడగకుండా పూస్తే జిగురు మురికి మీద పొర నిలవదు. మా కొట్టతను చేసింది అదే, ముందువైపు మాత్రమే పాలిష్ కొట్టి అమ్మేశాడు. రెండోది, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. వంటింటికీ దీపానికీ దూరంగా, కిటికీలు తెరిచి, పిల్లల్ని వేరే గదిలో ఉంచి చేయాలి. మేస్త్రీ చేత చేయించుకోవడమే మేలు.

సోఫాలూ... పరుపులూ

చెక్క కన్నా బట్ట మొండిది. తొడుగులు తీయగలిగితే సగం కష్టం తీరినట్టే. తొడుగు రంగు దిగదని చూసుకుని, కప్పు వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతికి ఎండలో ఆరేయాలి. తీయడానికి రానివాటిమీద వంటసోడా ధారాళంగా చల్లి, రాత్రంతా ఉంచి పొద్దున్నే వాక్యూమ్ చేయాలి. రెండు మూడుసార్లు చేయాల్సి రావొచ్చు. రెగ్జిన్‌కి సబ్బునీళ్ల గుడ్డ చాలు.

లోపలి ఫోమ్ సంగతి వేరు. అది నిండా గాలి గదులే. ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఫోమ్‌ని బాగుచేసే శ్రమకన్నా కొత్తది వేయించడం సులువు. చట్రం మంచి చెక్కదైతే ఫోమ్, గుడ్డ మార్పించినా కొత్త సోఫా ధరకన్నా కలిసొస్తుంది. దూది పరుపు వాసనొస్తుంటే ఏకించి మళ్లీ కుట్టిద్దాం అనుకోవద్దు. పాత దూదిలో వాసన అలాగే ఉంటుంది. నవారు మంచమైతే నవారు విప్పి నానబెట్టి ఉతకాలి, లేదా కొత్తది అల్లించాలి.

ఇవి మాత్రం వద్దు

* సాంబ్రాణి, అగరొత్తులు, గది సెంట్లు: ఇవి పొగ మీద పొగ, వాసన మీద వాసన. రెండు గంటలు బాగున్నట్టే ఉంటుంది.

* వెనిగర్, సోడా కలిపి వాడటం: బుసబుసా పొంగితే బలంగా పనిచేస్తోందనుకుంటాం. నిజానికి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. వేర్వేరుగా, వేర్వేరు రోజుల్లో వాడాలి.

* వెనిగర్, బ్లీచింగ్ కలపడం: చాలా ప్రమాదం. క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా కూడా వాడొద్దు.

* నిమ్మరసం, చింతపండు: రాగి చెంబులకి సరే, చెక్కకి మరకలూ జిగురూ మిగులుతాయి.

* ఓజోన్ యంత్రాలు: వాసన పోగొట్టేంత ఓజోన్ ఊపిరితిత్తులకి చేటు. పైగా అది నికోటిన్‌తో చర్య జరిపి అతి సూక్ష్మమైన కొత్త కణాల్ని పుట్టిస్తుంది.

పోయిందో లేదో తెలిసేదెలా?

మన ముక్కుని మనం నమ్మలేం, రోజూ చూసి అలవాటుపడి ఉంటుంది. ఉతికిన నూలుగుడ్డ ఒకటి బీరువాలో పెట్టి రెండు రోజులు మూసి ఉంచండి. తర్వాత దాన్ని తీసుకుని డాబామీదికో పక్కింటికో వెళ్లి, సంగతి చెప్పకుండా ఎవరికైనా ఇచ్చి వాసన చూడమనండి. మా ఇంట్లో ఆ పరీక్షకురాలు అత్తయ్యే. మొదటి వారం ''ఉంది'' అన్నారు. రెండో వారం ''కాస్త'' అన్నారు. మూడో వారం అటూ ఇటూ తిప్పి చూసి ''సబ్బు వాసన తప్ప ఏం లేదే'' అన్నారు.

వాసన పోయినంత మాత్రాన నికోటిన్ చుక్క కూడా లేదని కాదు. అందుకే లక్క పూతయ్యాక కూడా పాప బట్టలు వెంటనే అందులో పెట్టలేదు. కొన్నాళ్లు మా పుస్తకాలకీ, పెట్టెలకీ అదే చోటు. చంటిబిడ్డ పడుకునే మంచం, ఉయ్యాల, పరుపులాంటివైతే మాత్రం, అలాంటి వాసన ఉంటే ఎంత చవకైనా కొనకపోవడమే మంచిది.

అన్ని వాసనల్నీ పోగొట్టాలనీ ఉండదు. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ల నాన్నగారి పడక్కుర్చీ ఊరినుంచి తెచ్చుకున్నారు. ఆయన చుట్ట కాల్చేవారట. ఈ పద్ధతులన్నీ చెప్పబోతే ఆవిడ చేత్తో వద్దన్నారు. ''గుడ్డ మాత్రం మార్పించాను. చేతులు తుడవలేదు. వరండాలో వేసుకున్నా, పిల్లల్ని కూర్చోనివ్వను. ఎప్పుడైనా నేను కూర్చుంటా'' అన్నారు. ఇక నేను మాట్లాడలేదు.

మా బీరువా కడిగిన రోజు సంగతి చెప్పాలి. అనుమానించినందుకు క్షమాపణగా ఒంటరిగా తుడుస్తుంటే, మావారు వచ్చి రెండో గుడ్డ అందుకున్నారు. మూడో బక్కెట్టు పారబోసే ముందు ఆగి, దాన్లోకి చూశారు. చిక్కటి టీ డికాషన్‌లా ఉన్నాయి నీళ్లు.

''ఈ రెండు వారాలూ బీరువా తీసినప్పుడల్లా ఒక్కటి కాల్చాలనిపించేది. ఎందుకో అర్థమయ్యేది కాదు, నీకు చెప్పలేకపోయాను'' అన్నారు. మానేసినవాళ్లకి ఆ వాసనే పెద్ద పిలుపని వైద్యులు చెబుతూనే ఉంటారు. నాకప్పటిదాకా తట్టలేదు. రెండు వారాలపాటు ఆయన ఆ బీరువాతో ఒంటరిగా పోట్లాడుతుంటే, నేను ఆయనతో పోట్లాడాను.

''చెక్కని తుడుస్తున్నాం సరే...'' అంటూ ఛాతీమీద చెయ్యి వేసుకున్నారు, ''దీన్నెవరు తుడుస్తారు?''

బక్కెట్టు తీసుకెళ్లి పారబోసి, మళ్లీ నీళ్లు పట్టుకొచ్చారు.